స్కూలు చదువులో దీన్‌ని కలపడం: మా ఇంట్లో చేసింది

మీ పాప ఆరో తరగతి, మామూలు ఇంగ్లిష్ మీడియం స్కూలు; దీనీ చదువు (మతం చదువు) కూడా కలవాలంటే ఇస్లామిక్ స్కూలుకి మార్చాలా, ఇంట్లోనే చదివించాలా అని అడిగారు. నన్నడిగితే స్కూలు మార్చే పనే లేదు. ఇస్లామిక్ స్టడీస్ అని ఒక పీరియడ్ పెట్టి, ప్రవక్తల పేర్లు బట్టీ పట్టించి మార్కులు వేస్తే అది ఇంకో సబ్జెక్ట్ అవుతుంది, అంతే. దానికి మళ్లీ వేలల్లో ఫీజు. ఇంట్లోనే చదివిస్తామంటారా, 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పది రాయించొచ్చు, అదేం టెన్షన్ పడాల్సిన విషయం కాదు. కానీ ఎక్కడ చదివినా దీన్ వెళ్లాల్సింది లెక్కల్లోకీ సోషల్లోకీ.

మాది గుంటూరు. మా అమ్మాయికి అక్షాంశాలు ఎంత చెప్పినా ఎక్కేవి కావు. మే 28న మధ్యాహ్నం 2:48కి మన దగ్గర ఎండ మండిపోతుంటే, సరిగ్గా అప్పుడే మక్కాలో సూర్యుడు కాబా నడినెత్తి మీద ఉంటాడు. రోహిణి కార్తె ఎండలో మా అమ్మాయిని మేడ మీదికి తీసుకెళ్లాను. ఇసుక నింపిన బకెట్లో కర్ర నిటారుగా గుచ్చి, టైము చూసి నీడ వెంబడి సుద్దముక్కతో గీత గీయించాను. నీడ కొస నుంచి కర్ర వైపు చూస్తే అదే ఖిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన కాబా దిక్కు. గీత గోడకు సమాంతరంగా రాలేదు. పడమర నుంచి కాస్త ఉత్తరానికి వాలింది. మా అమ్మాయి కిందికి పరుగెత్తి, "దాదా, మీ జానమాజ్ వంకరగా ఉంది" అంది. మా మామగారు పైకొచ్చి గీత చూశారు, కిందికెళ్లి జానమాజ్ (నమాజు చాప) జరుపుకున్నారు. సూర్యుడు ఏడాదికి రెండుసార్లే అక్కడికి ఎందుకు వస్తాడని ఆ రాత్రి తనే అడిగింది. మక్కా 21.4 డిగ్రీల ఉత్తరాన, కర్కటరేఖకు లోపల ఉందని గ్లోబు మీద చూపించాను. ఇక అక్షాంశాలు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. జూలై 16న 2:57కి ఇంకో అవకాశం ఉంటుంది గానీ, మన దగ్గర మబ్బుల్ని నమ్మలేం.

కూడబెట్టిన దాంట్లోంచి ఏటా ఇవ్వాల్సిన దానం, జకాత్ కూడా అంతే. నలభయ్యో వంతు అంటే రెండున్నర శాతం. రంజాన్‌లో నా నగలు తూకం వేయించి లెక్క పిల్లలతోనే కట్టిస్తాను.

అసలు నాకు కడుపుమంట ఇంకో చోట. నమాజు, రోజా నేర్పే పెద్దలు వారసత్వ వాటాల జోలికి పోరు. ఖురాన్‌లో అన్నిసా అనే సూరాలో (అధ్యాయంలో) ఆ వాటాలు భిన్నాలతో సహా ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణితం పుస్తకంలో చాలా భాగం ఈ పంపకాల లెక్కలే. మన ఇళ్లల్లో మాత్రం "పెళ్లికి జహేజ్ (కట్నకానుకలు) ఇచ్చాంగా" అని, వాటా వద్దని ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించుకుంటారు. జహేజ్ ఇచ్చినంత మాత్రాన వాటా పోతుందని ఖురాన్‌లో ఎక్కడుంది?

నేను పిల్లలకిచ్చే లెక్క ఇది. ఒకాయన చనిపోయాడు. తల్లిదండ్రులు ముందే పోయారు. అప్పులూ వసీయత్తూ (వీలునామా) తీర్చాక 32 సెంట్ల స్థలం మిగిలింది. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 4 సెంట్లు. మిగతా 28లో కొడుక్కి 14, కూతుళ్లకు ఏడేసి. కొడుక్కి రెట్టింపు ఎందుకని మా అమ్మాయి అడిగింది. భార్యాపిల్లల ఖర్చు మగవాడి మీదే పెట్టారు కాబట్టి అన్నాను. అయితే ఆ ఏడు సెంట్లు కూడా ఎందుకివ్వరు అంది. దీనికి జవాబు నేను కాదు, మా బంధువులు చెప్పాలి.

ఆరో తరగతంటే మీ పాపకి భిన్నాలు ఈ ఏడాదే వస్తాయి. ఈ లెక్కతో మొదలుపెట్టండి. అది వచ్చాక, మీ ఇంట్లో కిందటి తరంలో జరిగిన పంపకాన్నే లెక్కగా ఇవ్వండి.