ఆఖర్న పడాల్సిన పౌడరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో షెడ్డు దొరికిందనీ, పాత మిల్లూ ప్రెస్సూ బేరం కుదిరిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రబ్బరుతో పడవలకి ఫెండర్లు (రేవు గోడకి గుద్దుకోకుండా కట్టే దిమ్మెలు), లారీలకి బుష్‌లు చేస్తావట. చాలా సంతోషం. మిగతా సంగతులు చెప్పేవాళ్లు నీకు దొరుకుతారు. నేను రబ్బరు ఉడకడాన్ని తొందరపెట్టే పౌడరు, యాక్సిలరేటర్ గురించే రాస్తాను. నా సరుకు ఎక్కువగా పాడైంది దాని దగ్గరే.

ముందు దాని బలం తెలుసుకో. 100 కిలోల రబ్బరులో 8 కిలోల గంధకం ఒక్కటే కలిపి 140 డిగ్రీల దగ్గర ఉడికిస్తే గట్టిపడటానికి 5 గంటలు పడుతుంది. జింక్ ఆక్సైడ్ 5 కిలోలు చేరిస్తే 3 గంటలు. అర కిలో యాక్సిలరేటర్ పడిందా, నిమిషాల్లో పని అయిపోతుంది. 1906లో అమెరికాలో ఓన్స్‌లేగర్ అనే రసాయన శాస్త్రవేత్త అనిలిన్ అనే రసాయనంతో ఈ దారి తెరిచాడు. అందుకే దీన్ని బస్తాల కాటా మీద తూచకు. 10 కిలోల రబ్బరుకి నీకు కావాల్సింది 60 గ్రాములే. అందులో 30 గ్రాములు ఎక్కువైతే ఏమవుతుందో నువ్వే ఊహించు.

యాక్సిలరేటర్లలో సీబీఎస్ అనే రకంతో మొదలెట్టు. టీఎంటీడీ అనే ఇంకో రకం మరింత తొందరగా పనిచేస్తుందని షాపులో చెబుతారు, అది నిజమే. కానీ ఫెండరు లాంటి మందపాటి సరుకు లోపలికి వేడి నిదానంగా పాకుతుంది. తొందరపెడితే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. సీబీఎస్ కాసేపు ఆగుతుంది, మోల్డు నిండాకే రబ్బరుని గట్టిపరచడం మొదలుపెడుతుంది. సహజ రబ్బరు 100 పాళ్లకి గంధకం 2.5, సీబీఎస్ 0.6, జింక్ ఆక్సైడ్ 5, స్టియరిక్ యాసిడ్ 2 వేసి చూడు. రోజంతా నలిగే బుష్‌లకి గంధకం ఎక్కువ, యాక్సిలరేటర్ తక్కువ ఉండటమే మేలు. వేడి తట్టుకోవాల్సిన సరుక్కైతే ఈ లెక్క తిరగెయ్యాలి.

ఒక మే నెలలో మిల్లు రోలర్లని చల్లబరిచే నీళ్లు సరిగా తిరగడం లేదని తెలిసీ నేను టీఎంటీడీ పడ్డ కాంపౌండ్ (పౌడర్లు కలిపిన రబ్బరు) మిల్లు మీదికి ఎక్కించాను. భోజనం చేసి వచ్చేసరికి షీట్లు అంచుల దగ్గర గులకల్లా కట్టేశాయి. ఆ రబ్బరు మళ్లీ దేనికీ పనికిరాలేదు. అప్పట్నుంచీ రబ్బరు, నల్లమసి, జింక్, యాసిడ్ ఒక రోజు కలిపి చల్లారబెట్టి, గంధకం, యాక్సిలరేటర్ మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు వేసేవాణ్ని. నువ్వూ అలాగే చెయ్యి.

సముద్రం గాలికి సీబీఎస్ చెమ్మగిల్లుతుంది. చెమ్మ పట్టి ఉండకట్టి ఘాటు వాసన వచ్చిందంటే ఆ సంచి వాడకు, అది కాంపౌండ్‌ని ముందే గట్టిపరిచేస్తుంది. వాడిన ప్రతిసారీ మూతి బిగించి, నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టించు.

కుర్రాళ్ల సంగతి బాగా పట్టించుకో నాయనా. ఈ పౌడర్లు చాలామంది చేతుల్ని దద్దుర్లతో పాడుచేస్తాయి. ఎంబీటీ అనే యాక్సిలరేటర్ క్యాన్సర్ తేవచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. తూచేటప్పుడు మాస్కు, ప్లాస్టిక్ చేతితొడుగులు తప్పనిసరి. దురద మొదలైన వాడికి రబ్బరు తొడుగులిచ్చావనుకో, ఇంకా ముదురుతుంది, వాటిలోనూ ఈ మందులే ఉంటాయి. టీఎంటీడీ దుమ్ము పీల్చినవాడు సాయంత్రం మందు తాగితే ముఖం ఎర్రబడి గుండె దడ పడుతుంది. తాగుడు మాన్పించే మాత్రకి అది దగ్గరి చుట్టం. ఈ మాట వాళ్లకి నువ్వే చెప్పు, సిగ్గుపడి ఎవరూ అడగరు.

తొలి ఫెండర్లు అమ్మేయకుండా ఒకటి ఉంచు. నేను వచ్చాక నడిమికి కోసి, లోపల ఉడికిందో లేదో ఇద్దరం చూద్దాం.