ఇంజనీరింగ్ వద్దనుకుని చిన్న లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చేరితే చదువు ఎలా ఉంటుంది?

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఊరు ఆత్మకూరు, ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, ఇంజనీరింగ్ మీద మనసు లేదు. మొత్తం వెయ్యి మంది కూడా ఉండని ఒక ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ (సోషియాలజీ, ఎకనామిక్స్, లెక్కలు లాంటి వేర్వేరు సబ్జెక్టులు కలిపి చదివించే) యూనివర్సిటీలో సీటొచ్చింది. అక్కడ చదువు, హాస్టలు ఎలా ఉంటాయి, మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళు నెగ్గుకురాగలరా అని అడిగావు. నాది వింజమూరు. అలాంటి చోటే నాలుగేళ్ళు చదివాను. మంచితో పాటు చెడు కూడా రాయబోతున్నాను కాబట్టి ఆ యూనివర్సిటీ పేరు మాత్రం చెప్పను.

నేను ఇంటర్ నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివాను. పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్, వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకుల లిస్టు. ఆ అలవాటుతో వెళ్ళినదాన్ని, మొదటి రోజు క్లాసులో బల్లల్ని గుండ్రంగా వేసి పద్దెనిమిది మందిని కూర్చోబెట్టేసరికి ఎక్కడ చూడాలో తెలియలేదు. క్లాసుకు ముందే నలభై పేజీలు చదువుకుని రావాలి. మేడమ్ వచ్చి పాఠం చెప్పరు. "చదివారు కదా, ఇందులో మీకు ఒప్పుదల లేనిది ఏది?" అని అడుగుతారు. ఆరు వారాల పాటు నేను నోరు విప్పలేదు. ఇంగ్లీషు రాక అనుకున్నాను. తర్వాత అర్థమైంది, అసలు కారణం అది కాదు. పదిహేడేళ్ళు వచ్చేదాకా ఒక పాఠం గురించి నువ్వేమనుకుంటున్నావని నన్నెవరూ అడగలేదు.

ఆ మొదటి సెమిస్టర్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. సోషియాలజీ క్లాసులో ఎవరి ఊరేదో చెప్పుకుంటున్నాం. నాది నెల్లూరు జిల్లా అనగానే మేడమ్, "అయితే దూబగుంట మీకు దగ్గరేనా?" అన్నారు. ఆవిడ కలకత్తా మనిషి. దూబగుంట మా పక్కనున్న కలిగిరి మండలంలోదే. కానీ బస్సు బోర్డు మీద ఆ పేరు చూడటం తప్ప నాకేమీ తెలియదు. అప్పుడావిడ చెప్పారు, 1990ల మొదట్లో రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు వాచకంలోని ఒక పాఠం చదివి, దాని గురించి మాట్లాడుకుని, ఊళ్ళో సారా అమ్మకం ఆపించారని. దూబగుంట రోశమ్మ పేరు అక్కడే మొదటిసారి విన్నాను. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వలేదని, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించాల్సి వచ్చిందని కూడా అప్పుడే తెలిసింది. ఆ రోజు క్లాసులో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మా జిల్లా ఆడవాళ్ళు చేసిన పని గురించి ఢిల్లీ నుంచి వచ్చిన పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. నేను కూడా వాళ్ళలాగే కొత్తగా రాసుకుంటున్నాను.

నాలుగో ఏడు థీసిస్, అంటే డిగ్రీ చివర రాసే పెద్ద పరిశోధన వ్యాసం, ఆ ఉద్యమం మీదే చేశాను. సెలవుల్లో ఇంటికొచ్చి, మా చుట్టుపక్కల ఊళ్ళలో అప్పుడు ఆ పోరాటంలో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మాటలు రికార్డు చేసుకున్నాను. ఒక అవ్వ వేరుశనక్కాయలు ఒలుస్తూ రెండు గంటలు చెప్పింది. మధ్యలో ఆపి, "ఇదంతా నీకెందుకు పనికొస్తదమ్మా?" అని అడిగింది. పరీక్షకి అన్నాను. "మేం పరీక్షలో వస్తామా!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పటినుంచి నా చదువు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఆ అవ్వ కూర్చున్న వసారానే గుర్తొస్తుంది. లిబరల్ ఆర్ట్స్ అంటే ఏమిటని మా బంధువులు అడిగినప్పుడు కూడా ఈ ఒక్క సంగతే చెబుతాను.

ఇక రాత పని. నా మొదటి వ్యాసంలో నెట్‌లో దొరికిన మూడు పేరాలు అక్కడక్కడా మాటలు మార్చి పెట్టాను. ఇంటర్లో గైడు చూసి రాస్తే తప్పని ఎవరూ అనలేదు కదా. ఇక్కడ కంప్యూటర్‌లో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఇట్టే దొరికిపోయాను. సార్ తన గదికి పిలిచి, ఆ మూడు పేరాలకు గీత గీసి చూపించి, "ఇవి బాగున్నాయి, కానీ నువ్వు కనిపించింది ఈ చివరి నాలుగు వాక్యాల్లోనే, వాటినే పెంచి రాసుకురా" అన్నారు. సున్నా వేశారు, మళ్ళీ రాయడానికి వారం టైమిచ్చారు. ప్రతి టీచరూ వారానికి రెండు మూడు గంటలు ఇలా పిల్లలకోసం గదిలో ఉంటారు, ఆఫీస్ అవర్స్ అంటారు. మనవాళ్ళు భయపడి వెళ్ళరు. నువ్వు మాత్రం మొదటి వారం నుంచే వెళ్ళు. చిన్న యూనివర్సిటీకి అంత ఫీజు కట్టేది నిజానికి ఆ గంటల కోసమే.

మార్కులు ఒక్క ఫైనల్ పరీక్ష మీద ఉండవు. క్లాసులో మాట్లాడటం, వారం వారం రాసే చిన్న వ్యాసాలు, మిడ్ టర్మ్, చివర ఒక పెద్ద వ్యాసం, అన్నీ కలిపి గ్రేడ్ వేస్తారు. అందుకని టెన్షన్ ఒక్క నెలలో కాకుండా సెమిస్టరంతా కొద్దికొద్దిగా ఉంటుంది. మేజర్, అంటే ముఖ్యంగా చదివే సబ్జెక్టు, ఏదో మేం మొదటి ఏడాది చివర్లో ఎంచుకున్నాం. ఎంపీసీ వాళ్ళు లెక్కలూ ఎకనామిక్సూ కలిపి తీసుకోవచ్చు, నువ్వు చదివిన లెక్కలు వృథా కావు.

హాస్టలు సంగతి. అన్నం దొరుకుతుంది గానీ మనకు రుచించదు. కారప్పొడి, చింతకాయ పచ్చడి వెంట ఉండాల్సిందే. ఒంటరితనం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పెద్ద నగరాల స్కూళ్ళ నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ముందే ఒకరికొకరు తెలిసినట్టు ఉంటారు. శనివారం బయటికెళ్ళి వాళ్ళు తినే ఒక్క పూట ఖర్చు నాకు నెలంతా సరిపోయేది. మొదటి ఏడాది రెండుసార్లు పెట్టె సర్దుకుని కావలి రైలెక్కేశాను. రెండోసారి క్లాసులు పోతున్నాయని గమనించిన మేడమే ఫోన్ చేశారు. అంత చిన్న చోట నువ్వు లేకపోతే తెలిసిపోతుంది. అదే నన్ను నిలబెట్టింది. కానీ గొడవ జరిగితే పక్కకు తప్పుకోవడానికి చోటు లేకపోవడం కూడా ఆ చిన్నతనం వల్లే.

డబ్బు గురించి జాగ్రత్తగా విను. నాకు ఫీజులో సగానికి పైగా రాయితీ ఇచ్చారు. గ్రేడ్ ఒక హద్దు దాటి తగ్గితే అది పోతుందన్న షరతు అడ్మిషన్ కాగితంలో ఏడో పేజీలో ఉంది. మేం చూడలేదు. రెండో సెమిస్టర్లో కొద్దిలో తగ్గింది, ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టాం. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్ళే (ఫస్ట్ జనరేషన్) పిల్లలకు ఆ షరతు నోటితో చెప్పకపోవడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. సీటు ఖాయం చేసుకునే ముందు రాయితీ ఎన్నేళ్ళు, ఏ గ్రేడ్ వరకు, హాస్టలుకూ వర్తిస్తుందా అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకో. మన ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడ వస్తుందన్న లెక్కతో కూడా ముందుకెళ్ళకు, కనుక్కున్నాకే.

ఇంకొకటి, చిన్నచోట ఒక సబ్జెక్టుకు ఇద్దరు ముగ్గురు టీచర్లే ఉంటారు. ఒకరు మానేస్తే నీకు కావలసిన కోర్సు ఆ ఏడాది ఉండదు. నాకు అలాగే ఒకటి పోయింది. నువ్వు తీసుకుందామనుకున్న మేజర్‌లో ఇప్పుడు ఎంతమంది పనిచేస్తున్నారో లెక్క చూడు.

ఆ యూనివర్సిటీ పేరు యూజీసీ (యూనివర్సిటీలను గుర్తించే కేంద్ర సంస్థ) జాబితాలో ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకోవచ్చు. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు (ఒక్కో కోర్సు పూర్తి చేస్తే లెక్కలో చేరే పాయింట్లు), నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది. మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పు, మా నాన్న మెత్తబడింది దీంతోనే.

ఉద్యోగాల మాట దాచను. వందల మందిని ఒకేసారి తీసుకునే కంపెనీలు ఆ క్యాంపస్‌కి రాలేదు. ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు తొందరగా వచ్చాయి, మాలాంటి వాళ్ళం మేమే వెతుక్కున్నాం. నాకు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ఉన్నాను. ఊళ్ళు తిరిగి మనుషులతో మాట్లాడి రాయడమే పని. ఇంట్లో అప్పు ఉండి డిగ్రీ అయిన నెలకే జీతం కావాలంటే మాత్రం ఇంజనీరింగ్ గురించి ఇంకోసారి ఆలోచించు. అది తప్పేమీ కాదు.

మనకు దగ్గర్లో తడ పక్కన శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం 2018 నుంచి ఉంది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తుంది. నీకొచ్చిన సీటుతో వీటినీ పోల్చి చూడు.

చేరే ముందు ఒకసారి వెళ్ళిరా. వాళ్ళు పిలిచి చూపించే రోజున కాదు, మామూలు మంగళవారమో బుధవారమో. ఒక క్లాసులో వెనక కూర్చుంటానని అడిగితే సాధారణంగా కాదనరు. మధ్యాహ్నం మెస్‌లో తిని, మన తెలుగు పిల్లలెవరైనా ఉంటే రాయితీ సంగతి వాళ్ళనడుగు. మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళు. మా అమ్మ మూడో ఏడు దాకా ఆ చోటు చూడలేదు. చూసొచ్చిన తర్వాతే ఫోన్‌లో "తిన్నావా" తో పాటు "ఈ వారం ఏం చదివారు" అని కూడా అడగడం మొదలుపెట్టింది.