కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆరు వారాలు ఈతతో నెట్టుకొచ్చి ఏడో వారం నుంచి పాత పరుగులోకి దిగొచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 38, ఉండేది హైదరాబాద్, ఇప్పటికి రెండు హాఫ్ మారథాన్లు అయ్యాయి. మోకాలి కింద ఎముకలో లోపలి వైపు స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక) అని ఎమ్మారైలో తేలింది. డాక్టరు గారు ఆరు వారాలు పరుగు వద్దన్నారు, ఈత కొట్టుకోవచ్చన్నారు. రోజూ ఈత కొడుతూ ఉంటే ఏడో వారం నుంచి వారానికి 30 కిలోమీటర్లు పరిగెత్తి, ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ అందుకోవచ్చా అని.

అందుకోలేరండీ. మొహం మీద చెప్పినట్టుంటుంది గానీ, నాకు ఈ మాట ఎవరైనా ముందే చెప్పుంటే రెండు నెలలు మిగిలేవి. నేను డాక్టర్ని కాదు, కోచ్‌నీ కాదు. వైజాగ్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే బీచ్ రోడ్డులో పరిగెత్తే మనిషిని. 2023లో సరిగ్గా మీ దెబ్బే నాకూ తగిలింది, మీ లెక్కే నేనూ వేసుకున్నాను.

గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 అనే మూడు ఆటల పోటీ చెయ్యాలని అప్పట్లో పిచ్చి పట్టింది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. జనవరిలో ఒక్కసారిగా పరుగు పెంచాను. కైలాసగిరి ఎక్కడం, దిగడం, మిగతా రోజుల్లో తడి ఇసుకలో పరుగు. ఇసుక మెత్తగా ఉంటుంది, కాళ్ళకు మంచిదనుకున్నాను. బీచ్‌లో ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది కదా, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. నాకు పోయింది ఆ కాలే.

ఫిబ్రవరిలో నొప్పి మొదలైతే పిక్క పట్టేసిందనుకుని మూడు వారాలు దాని మీదే పరిగెత్తాను. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉంది, కండరమే అని నొప్పి మాత్రలు రాశారు. మాత్ర వేసుకుంటే నొప్పి తెలిసేది కాదు, తెలియట్లేదు కాబట్టి ఇంకో వారం పరిగెత్తాను. ఇలాంటి చీలిక మొదట్లో చాలాసార్లు ఎక్స్‌రేలో కనపడదని ఆ తర్వాత తెలిసింది. రెండో డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టేసి, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అన్నారు. చూపించాను. ఆయన అక్కడే బొటనవేలితో నొక్కారు, నేను కుర్చీలోంచి లేచిపోయాను. పిక్క పక్కన జానెడు పొడుగునా అక్కడా ఇక్కడా నొప్పి ఉంటే అది మామూలు షిన్ స్ప్లింట్స్ (పరుగు ఎక్కువై ముంగాలి ఎముక వెంట వచ్చే నొప్పి) కావచ్చట. రూపాయి బిళ్ళంత చోట వేలు పెట్టి చూపించగలిగితే మాత్రం ఎముకనే అనుమానించాలట. ఎమ్మారైలో అదే వచ్చింది. ఎనిమిది వారాలు పరుగు బంద్.

ఇంక ఈత మీద పడ్డాను. అంతకుముందు వారానికి మూడు రోజులు, రోజుకు కిలోమీటరున్నర కొట్టేవాణ్ణి. పరుగు పోయిన కసితో ఆరు రోజులు, రోజుకు రెండున్నర కిలోమీటర్లు చేశాను. చాలదన్నట్టు చేతులకు తొడుక్కునే ప్లాస్టిక్ ప్యాడిల్స్ కొన్నాను. మూడో వారానికి కుడి భుజం పట్టేసింది. షర్టు తొడుక్కోవాలంటే మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది. గోరుచుట్టు మీద రోకలి పోటు అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. కాలికి దెబ్బ తగిలిందని భుజానికి ఓవర్‌టైమ్ వేస్తే అదెందుకు ఊరుకుంటుంది?

మా పూల్‌లో మాస్టారు నా ఈత రెండు లెంగ్త్‌లు చూసి మూడు మాటలు చెప్పారు. చెయ్యి నీళ్ళలోకి దిగేటప్పుడు తలకు అడ్డంగా అవతలి వైపుకు పోతోంది, భుజానికి సూటిగా దిగాలి. ఊపిరి ఎప్పుడూ కుడివైపే తీస్తున్నాను, మూడు బారలకోసారి వైపు మార్చాలి. ప్యాడిల్స్ ఇంట్లో పెట్టి రావాలి. ఈతను మళ్ళీ వారానికి మూడు రోజులకు తగ్గించాను. మీరు ఇప్పుడు వారానికి ఎంత కొడుతున్నారో రాయలేదు. ఎంతైనా సరే, పరుగు ఆగిందని ఈతను రెట్టింపు చెయ్యకండి. వారానికి ఇంకో రోజు కలుపుకోండి, అంతే.

ఇంకో సంగతి, దీని గురించి నాకెవరూ చెప్పలేదు. నీళ్ళలో కాలికి బరువు పడదన్నది పూర్తిగా నిజం కాదు. ప్రతి 25 మీటర్లకూ గోడను తన్ని మళ్ళుతాం కదా, ఆ తన్నులోనే నాకు మొదటివారం ఎముకలో సూది గుచ్చినట్టయ్యేది. రెండు కిలోమీటర్లకు 80 లెంగ్త్‌లు, అంటే 80 తన్నులు! తొడల మధ్య ఇరికించుకునే ఫోమ్ ముక్క, పుల్ బాయ్ అంటారు, అది పెట్టుకుని కాళ్ళు కదపకుండా చేతులతోనే కొట్టాను. గోడ దగ్గర చేత్తో పట్టుకుని తిరిగి, మంచి కాలితో మెల్లగా తోసుకునేవాణ్ణి. పాదాలకు తొడుక్కునే రబ్బరు రెక్కలు, ఫిన్స్ అంటారు, వాటి జోలికి పోలేదు. నొప్పి పూర్తిగా తగ్గాక నాలుగో వారం నుంచి కాళ్ళు కొట్టడం మొదలుపెట్టాను.

వారంలో ఒక రోజు నీళ్ళలోనే పరిగెత్తేవాణ్ణి. నడుముకు ఫోమ్ బెల్టు కట్టుకుని, కాళ్ళు నేలకు అందని లోతులో నిటారుగా నిలబడి, రోడ్డు మీద పరిగెత్తినట్టే మోకాళ్ళు ఎత్తుతూ చేతులు ఊపాలి. ఒక నిమిషం గట్టిగా, అర నిమిషం మెల్లగా, అలా పదిసార్లు. గంటలో రెండు మీటర్లు కూడా ముందుకు పోం. ఏప్రిల్ కావడంతో సమ్మర్ క్యాంపు పిల్లలు గట్టు మీద కూర్చుని "అంకుల్ నీళ్ళలో సైకిలు తొక్కుతున్నాడ్రా" అని ఒకటే నవ్వు. పరమ బోరు, కానీ పరుగుకు అంత దగ్గరగా ఉన్న వ్యాయామం ఇంకోటి దొరకలేదు. వాచీలో గుండె వేగం రోడ్డు మీద కంటే తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి. నీళ్ళలో అంతే, పది దాకా తక్కువ ఉంటుంది. (పూల్ రద్దీగా ఉందని ఎవరైనా సముద్రంలో కొడదామంటే వెళ్ళకండి. మా ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగేసే నీళ్ళకు ఏటా మనుషులు పోతున్నారు.)

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఎనిమిది వారాల తర్వాత నా దమ్ము ఎక్కడికీ పోలేదు. ఆ మాటకొస్తే ఊపిరి ఇంకా మెరుగైంది. ఎముక మాత్రం ఎనిమిది వారాలుగా ఏ బరువూ మొయ్యలేదు. ఎముకకు దెబ్బ పడితేనో బరువు పెరిగితేనో అది తనను తాను బాగుచేసుకునే తీరు కొంచెం విచిత్రంగా ఉంటుంది. పాత ఇల్లు రిపేరు చేసేటప్పుడు దెబ్బతిన్న గోడ ముందు పీకి తర్వాత కొత్తది కడతారే, అలా. పీకడం వారాల్లో అయిపోతుంది, కట్టి గట్టిపడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కొత్తగా బరువు పెంచిన మొదటి నెలలో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉండేది అందుకే. ఆయాసం లేదు కదా అని మనం సరిగ్గా ఆ నెలలోనే దూరం పెంచేస్తాం. ఆయాసం రాకపోవడానికి కారణం ఈత. ఆయాసం మామూలు రన్నర్‌కు బ్రేకు లాంటిది. ఈత కొట్టి వచ్చినవాడికి ఆ బ్రేకు ఉండదు.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. మే చివర్లో పరుగు మొదలుపెట్టాను. మొదటి రోజు కురుసుర సబ్‌మెరీన్ దగ్గర ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మళ్ళీ పరుగు. వాచీ బీప్ అనగానే ఆగాను. ఎదురుగా వాకింగ్‌కు వస్తున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి "ఏటి బాబూ, అప్పుడే అయిపోనాదేటి?" అన్నాడు. నవ్వేసి నడిచాను గానీ లోపల ఉడుక్కున్నాను. నాలుగు వారాలు బుద్ధిగానే సాగింది. ఐదో వారంలో ఒక ఆదివారం చల్లగాలి, ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఊపిరి ఆడుతున్నట్టే తెలియట్లేదు. 4 కిలోమీటర్లని బయల్దేరినవాణ్ణి 8 చేసి వచ్చాను. మర్నాడు మెట్లు దిగుతుంటే అదే చోట, అదే రూపాయి బిళ్ళ. మళ్ళీ రెండు వారాలు పూల్‌కు.

రెండోసారి ఫిజియో చెప్పినట్టు చేశాను, మీకూ అదే చెబుతాను. ఆరు వారాలు అయ్యాయా లేదా అన్నది కాదు, కాలు ఏమంటోంది అన్నది చూడండి. ముప్పై నలభై నిమిషాలు చురుగ్గా నడిస్తే నొప్పి ఉండకూడదు. ఎముక మీద గట్టిగా నొక్కినా ఉండకూడదు. ఆ కాలి మీద ఒంటికాలి గంతులు పది వేసినా ఉండకూడదు. రాత్రి పడుకున్నప్పుడు సలుపు రాకూడదు. అప్పుడు మీ డాక్టరు గారితో ఒక మాట అనిపించుకుని రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. వరుసగా రెండు రోజులు పరుగు వద్దు, మధ్యరోజు ఈత. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం ఇరవై నిమిషాలు. అదే పరుగు రెండుసార్లు చేసినా ఆ రాత్రీ మర్నాడు పొద్దునా నొప్పి లేకపోతేనే పరుగు నిమిషాలు పెంచాలి. స్పీడు చివరికి. పల్లం దిగడం ఇంకా చివరికి. ఆగకుండా ముప్పై నిమిషాలు పరిగెత్తడానికి నాకు ఎనిమిది వారాలు పట్టింది.

కండరం, దాన్ని ఎముకకు కలిపే స్నాయువు అయితే కొంచెం నొప్పి ఉన్నా చెయ్యొచ్చంటారు. ఎముక విషయంలో ఆ బేరం లేదు, ఏ మాత్రం నొప్పి వచ్చినా ఆగి నడుచుకుంటూ ఇంటికి రావడమే. నొప్పి మాత్ర వేసుకుని అసలు పరిగెత్తకండి, నా కథ చూశారుగా.

అడుగులు చిన్నవి చెయ్యండి. నిమిషానికి 160 అడుగులు పడేవి నాకు, 170కి తెచ్చాను. అదే స్పీడులో అడుగు చిన్నదైతే పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది, కుదుపు తగ్గుతుంది. పిక్కల కోసం మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తడం, దించడం. మోకాలు నిటారుగా పెట్టి ఒకసారి, కొంచెం వంచి ఒకసారి. వంచి చేసేదే ముఖ్యం, పరుగులో ఎక్కువ బరువు మోసే లోపలి కండరం దాంతోనే గట్టిపడుతుంది. పళ్ళు తోముకుంటూ చేసేవాణ్ణి.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డాక్టరు నన్ను ఎక్కువ తిట్టింది దానికే. పరుగు లేదు కదా, లావైపోతానని రాత్రిళ్ళు అన్నం మానేశాను. నాలుగు కిలోలు తగ్గి మురిసిపోతూ వెళ్ళాను. "ఇల్లు కట్టే టైంలో సిమెంటు ఆపేశారన్నమాట" అన్నారాయన. రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది, 20 లోపు ఉంటే లోపమే. రోజూ పొద్దున్నే సముద్రం ఒడ్డున ఉండే నాకు లోపమేమిటని వాదించాను. సూర్యుడు పైకి రాకముందే ఇంటికి వెళ్ళిపోతున్నారుగా అన్నారు. వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల పొడి రాసిచ్చారు. మీరూ పరీక్ష చేయించుకోండి, పరీక్ష లేకుండా ఆ పొడి మాత్రం కొనకండి. పొద్దున్నే రాగిజావ, రెండు పూటలా పెరుగు, రాత్రి అన్నం మళ్ళీ మొదలయ్యాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంత చవకగా ఇంకేది దొరుకుతుంది చెప్పండి.

గోవాకు వెళ్ళలేదు. ఆ నవంబరులో వైజాగ్ నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లు పరిగెత్తాను, 1 గంట 4 నిమిషాలు. అంతకుముందు నా టైం 52. ఏడవలేదు గానీ సంతోషం కూడా కలగలేదు, నిజం చెప్పాలంటే. ఆ సాయంత్రం ఎముక మీద నొక్కి చూసుకున్నాను, ఏమీ లేదు. అప్పుడు కలిగింది.

మీ ఆగస్టు సంగతి. హైదరాబాద్ హాఫ్ అంటే ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ పరుగు, పైగా వానాకాలపు ఉక్క. మానుతున్న ఎముకకు పల్లం దిగుతూ పరిగెత్తడం చాలా చెడ్డది. 10 కిలోమీటర్లకు మార్చుకునే వీలుంటే మార్చుకోండి, అది కూడా జూలై చివరికి ముప్పై నిమిషాలు నొప్పి లేకుండా పరిగెత్తగలిగితేనే.

ఒకసారి ఎమ్మారై రిపోర్టు తీసి గ్రేడ్ ఎంత రాశారో చూసి చెప్పండి. 1, 2 అయితే ఆరు వారాలు సరిపోవచ్చు. 4 అని ఉంటే మాత్రం ఆగస్టు ఊసెత్తకండి. అలాగే చీలిక లోపలి వైపు కాకుండా ఎముక ముందు భాగంలో అని గానీ, ఎప్పుడైనా తుంటి దగ్గర, పాదం మధ్యలో అని గానీ రాస్తే నేను చెప్పినవన్నీ పక్కన పెట్టేయండి. అవి మానడానికి మొండికేసే చోట్లు, ఆర్థోపెడిక్ డాక్టరు చెప్పిందే అక్కడ లెక్క.