నేలని కొట్టడం మానేశాకే మా వాడి చెయ్యి ఆగింది

మీ రెండేళ్ల బాబు కోపమొస్తే మీ చెంప మీద కొడుతున్నాడని, 'నువ్వూ ఒకటి తగిలించు, అప్పుడే బుద్ధొస్తుంది' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. మా వాడితో నేనూ సరిగ్గా ఇదే పడ్డాను.

ఏడాదిన్నర దాటగానే మొదలైంది. ఒకరోజు చేతిలోంచి ఫోన్ తీసుకున్నానని చాచి ఒక్కటి కొట్టాడు. నా కళ్లజోడు ఎగిరి మంచం కింద పడింది. పక్కనే ఉన్న అత్తయ్యగారు నవ్వేశారు. వాడు ఆవిడ మొహం చూశాడు, తనూ నవ్వాడు, ఇంకోటి కొట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది.

తిరిగి కొట్టీ చూశాను, దాచను. చేతి మీద ఒక్క దెబ్బ వేశాను. గుక్కపట్టి ఏడ్చాడు. సాయంత్రం పక్కింటి పాప బంతి ఇవ్వలేదని, అచ్చం నాలాగే కళ్లు పెద్దవి చేసి ఆ పాప చేతి మీద కొట్టాడు. ఆ తర్వాత మళ్లీ నేను చెయ్యి ఎత్తలేదు.

అప్పుడే ఇంకోటి గమనించాను. వాడు పడ్డ ప్రతిసారీ మేమంతా 'నేల కొట్టిందా నా బంగారాన్ని? ఉండు, దాన్ని కొట్టేద్దాం' అంటూ నేల మీద చరిచేవాళ్లం. గుమ్మం తగిలితే గుమ్మానికి దెబ్బ. 'మామయ్యకి ఒకటెయ్యి' అని ముద్దుకి కొట్టించుకునేవాళ్లం కూడా. నొప్పేస్తే ఎదురుగా ఉన్నదాన్ని కొట్టాలని వాడికి నేర్పింది మేమే. అదంతా మానేశాం. ఈ సంగతి అత్తయ్యగారికి మా ఆయన చేత చెప్పించాను, అదీ మూడు నాలుగుసార్లు. కోడలు చెబితే ఆవిడకి తప్పుపట్టినట్టు ఉండేది. ఇప్పుడు పడితే 'ఎక్కడ తగిలింది? రుద్దనా?' అంటాం, అంతే.

ఇక కొట్టబోయినప్పుడు: చెయ్యి లేవగానే మణికట్టు మెల్లగా పట్టుకుని, కింద కూర్చుని 'కొట్టకూడదు. అమ్మకి నొప్పి' అనేదాన్ని. రోజూ అవే మాటలు. నవ్వకూడదు, అరవకూడదు, పెద్ద క్లాసు పీకకూడదు. ఆ వయసులో కోపం కొండంత, మాటలు గుప్పెడు. ఆపుకునే శక్తి మెదడుకి ఇంకా రాదు. అందుకే వాడి తరఫున నేనే మాట అందించేదాన్ని: 'ఫోన్ కావాలా? కోపమొచ్చిందా? కోపం అను.' ఫోన్ మాత్రం ఇచ్చేదాన్ని కాదు. కొడితే దొరుకుతుందని తెలిసిందా, కథ మళ్లీ మొదటికే.

మా వాడు ఎక్కువగా కొట్టింది సాయంత్రం ఆరు దాటాక, అదీ మధ్యాహ్నం పడుకోని రోజుల్లో. అది అర్థమయ్యాక ఆ రోజుల్లో ఆరింటికే స్నానం, పెరుగన్నం, పడక. సగం గొడవ అక్కడే తగ్గింది.

మొత్తం తగ్గడానికి రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒక వారం మరీ ఎక్కువైంది, ఆ వారం మీరు టెన్షన్ పడి పద్ధతి మార్చకండి.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. రెండేళ్లు నిండినా 'అమ్మ దా', 'పాలు కావాలి' లాంటివి రెండు మాటలు కలిపి అనకపోతే, వెనక నుంచి పిలిస్తే తిరగకపోతే, పిల్లల డాక్టరుకి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. బూస్టర్ టీకాకి తీసుకెళ్లినప్పుడు కొడుతున్నాడని చెబితే, మా డాక్టరుగారు ముందు అడిగింది మాటల గురించే.