కొత్త సర్వర్ కొనాలా, క్లౌడ్‌కు మారాలా?

హన్మకొండలో విత్తనాలు, ఎరువుల దుకాణం, సర్వర్ పాతబడింది, కొత్తది కొనాలా క్లౌడ్‌కు పోవాలా అని అడిగారు కదా అన్నా. లెక్కల వరకు క్లౌడే మేలు, అంటే సర్వర్ సొంతంగా కొనకుండా కంపెనీల కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద అద్దెకు వాడుకోవడం.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణాల కంప్యూటర్లు చూస్తుంటాను. మిర్చి సీజన్లో సీపీయూ మూత తీస్తే ముందు తుమ్ములే, ఫ్యాన్ రెక్కలకు ఎర్రటి దుమ్ము అట్టకట్టి ఉంటుంది. దానికి తోడు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా హార్డ్ డిస్క్ మీద దెబ్బ. 2023 జులై వరదల్లో నాకు తెలిసిన ఒకాయన దుకాణంలోకి నీళ్లొచ్చి సిస్టమ్‌లన్నీ పోయాయి, కానీ ఖాతాలు క్లౌడ్‌లో ఉండటంతో ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని బాకీలు చూసుకున్నాడు.

మీకు అసలు లాభం సీజన్‌తోనే. సర్వర్ కొంటే జూన్, జులై రద్దీని తట్టుకునేది కొనాలి, మిగతా నెలలు అది ఊరికే తిరుగుతుంది. క్లౌడ్‌లో అప్పటికి పెంచుకుని తర్వాత తగ్గించుకోవచ్చు. అయితే ఆ తగ్గించడం మనిషి గుర్తుపెట్టుకుని చేయాలి, లేదా తనంతట అదే తగ్గేలా ముందే సెట్ చేయించుకోవాలి, రాత్రంతా క్లౌడ్‌లో అద్దె మిషన్ ఆన్‌లో ఉంటే కరెంటు మీటర్‌లా బిల్లు తిరుగుతూనే ఉంటుంది. డేటా ఎక్కడో విదేశాల్లో ఉంటుందనే టెన్షన్ కూడా అక్కర్లేదు, అమెజాన్ వాళ్లు 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే డేటా సెంటర్లు తెరిచారు, సర్వర్ అక్కడే పెట్టమని క్లౌడ్ అమ్మేవాడిని అడగండి.

నెట్ పోతే బిల్లింగ్ ఆగుతుంది కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ ఒక కంపెనీది, ఫోన్ హాట్‌స్పాట్ ఇంకో కంపెనీది ఉంచుకోండి. ఎరువులు అమ్మేటప్పుడు రైతు వేలిముద్ర తీసుకునే పీవోఎస్ మిషన్ సంగతి వేరు, దానికి దీనికి సంబంధం లేదు.

చాలామంది క్లౌడ్ అంటే బ్యాకప్ అనుకుంటారు, కాదు. గుమస్తా పొరపాటున ఖాతా డిలీట్ చేస్తే అక్కడ కూడా డిలీటే. రోజువారీ బ్యాకప్ వేరేగా తీసుకోవాలి, ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్, దాని మీద ఓటీపీ ఉండాలి. అమ్మేవాడిని ముందే అడగండి, రేపు మానేస్తే నా డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇస్తావా అని. నోటి మాట కాదు, రాతపూర్వకంగా. ఇక్కడే ఒక అడ్తిదారు పాత ఏడాది లెక్కల కోసం నెలల తరబడి ఫోన్లు చేశాడు.

పాత సర్వర్‌ను అప్పుడే అమ్మేయకండి, కొత్తదాంట్లో కనీసం రెండు నెలల జీఎస్టీ రిటర్నులు సరిగ్గా వెళ్లేదాకా పక్కన నడవనివ్వండి.