పరుపు కొనబోయే ముందు, ఒంగోలుకు ఒక ఉత్తరం

చిన్నమ్మీ,

నువ్వు ఫోన్లో పంపిన నాలుగు పరుపుల ఫొటోలూ చూశాను. ధరలు రాశావు, ఎన్ని అంగుళాల మందమో రాశావు. నువ్వు ఎలా పడుకుంటావో, అల్లుడు ఎలా పడుకుంటాడో మాత్రం రాయలేదు. కావలిలో ముప్పై ఏళ్లు పరుపుల అంగడి నడిపినవాణ్ణి కదా, నాకు ముందు కావాల్సింది అదే.

నీ సంగతి నాకు తెలుసు. వేసవి సెలవుల్లో మిద్దె మీద పడుకున్నప్పుడు పక్కకు తిరిగి ముడుచుకుపోయేదానివి. అలా పడుకునేవాళ్ల బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. ఆ రెండు చోట్లా పరుపు కాస్త లోపలికి దిగాలి, నడుం దగ్గర మాత్రం ఎత్తి పట్టుకోవాలి. మెమరీ ఫోమ్, అంటే ఒంటి బరువుకూ వేడికీ నెమ్మదిగా దిగి, లేచాక నెమ్మదిగా మళ్లీ పూడే ఫోమ్, ఆ పని బాగా చేస్తుంది. అందుకే నీకు అది నప్పుతుంది. అల్లుడు బోర్లా పడుకుంటాడని మీ అమ్మ చెప్పింది. బోర్లా పడుకునేవాళ్లకు మెత్తటి పరుపు మంచిది కాదు. కడుపు భాగం కిందికి జారి, తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. వాళ్లకు గట్టిది కావాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకు మధ్యరకం చాలు.

మరి ఇద్దరికీ ఒకే పరుపు ఎలా అంటావా? మీది ఆరడుగుల మంచం. మూడడుగుల వెడల్పువి రెండు తీసుకోండి, నీకు మెత్తనిది, అతనికి గట్టిది. మందం మాత్రం రెండింటికీ ఒకటే ఉండేలా చూసుకోండి. రెండింటికీ కలిపి ఒకే కవరు తొడిగితే మధ్యలో సందు తెలియదు. లేదు, ఒకటే కావాలనుకుంటే మధ్యరకం తీసుకుని, నువ్వు మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకో. ఒకటే అయినా మెమరీ ఫోమ్‌లో ఒక సుఖం ఉంది. ఒకరు కదిలితే రెండోవాళ్లకు పెద్దగా తెలియదు. చీమకుర్తిలో క్వారీ షిఫ్టు ముగించుకుని అతను ఏ అర్ధరాత్రో వచ్చి పడుకున్నా నీ నిద్ర చెడదు.

ఇక ఎండ సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. ఏసీ వేసిన షోరూములో పడుకుని చూసినప్పుడు సరిగ్గా ఉన్నట్టనిపించిన పరుపు, రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ఇంకా లోపలికి దిగిపోతుంది. పైగా ఒంటిని చుట్టుకుని పట్టుకుంటుంది కాబట్టి గాలి ఆడదు, వీపు చెమటతో తడుస్తుంది. మనది సముద్రం పక్క ఉక్కపోత. కాబట్టి మొత్తం మెమరీ ఫోమ్‌తో చేసింది వద్దు. కింద గట్టి ఫోమ్, పైన 2 అంగుళాలు మెమరీ ఫోమ్ ఉన్నది చూడు. జెల్ కలిపిందని చెబుతారు. పడుకోగానే కాసేపు చల్లగా ఉంటుంది, రాత్రంతా ఉండదు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఏసీ గదిలోనే వేసేట్టయితే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇది నాసా వాళ్ల ఫోమ్ అని కూడా అంటారు. నిజమే, 1966లో అక్కడే పుట్టింది. కానీ అది విమానం సీట్ల మెత్తల కోసం. మన మంచం మీద ఎలా ఉంటుందో ఆ పేరు చెప్పదు.

అంగట్లో నువ్వు చేయాల్సింది చెబుతాను. అరచేత్తో గట్టిగా నొక్కి వదులు. చేతి అచ్చు నెమ్మదిగా పూడితే అది మెమరీ ఫోమ్, వదలగానే లేస్తే మామూలు ఫోమ్. డెన్సిటీ, అంటే ఫోమ్ ఎంత చిక్కగా ఉందో, అడుగు. ఘనపు మీటరుకు 40 కిలోల లోపున్నది త్వరగా గుంటపడుతుంది. నేనైతే 50 ఉన్నది తీసుకుంటాను. తర్వాత చెప్పులు విడిచి, మీరు రోజూ పడుకునే తీరులోనే పావుగంట పడుకోండి. సిగ్గుపడొద్దు, డబ్బు మీది. నువ్వు పక్కకు తిరిగినప్పుడు వెనక నుంచి అల్లుణ్ణి చూడమను, వెన్ను నిటారుగా ఉండాలి.

మీ అమ్మ వచ్చి ఉండే గదిలో మాత్రం మెమరీ ఫోమ్ వేయొద్దు. ఒకప్పుడు మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడకు మెత్తగా ఉంటుందని 8 అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు అమ్మాను. నెల తిరక్కముందే కొడుకు వచ్చి, రాత్రిళ్లు పక్కకు తిరగలేకపోతోందనీ, లేవడానికి పట్టు దొరకడం లేదనీ చెప్పాడు. వెనక్కి తీసుకుని కొబ్బరి పీచు పరుపు ఇచ్చాను. ఆవిడ పడ్డ ఇబ్బంది నాకిప్పటికీ బాధే. రేపు మీకు బిడ్డ పుట్టినా అంతే, పసిబిడ్డను దీనిమీద పడుకోబెట్టకూడదు. వాళ్లకు గట్టి పక్క విడిగా వేయాలి.

పరుపు ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు వాసన వస్తుంది. కిటికీలు తీసి ఫ్యాను కింద ఉంచు. దూది పరుపులా ఎండలో వేసి కర్రతో కొట్టొద్దు, ఎండకు ఫోమ్ పొడిపొడి అయిపోతుంది. నీళ్లు తగలనివ్వొద్దు. రెక్సిన్ వేస్తే ఇంకా ఉక్క. నూలు ప్రొటెక్టర్ వెయ్యి. నేలమీద వేస్తే అడుగున చెమ్మ పట్టి బూజొస్తుంది, మంచం మీదే వెయ్యి.

మీ మంచం వడ్రంగి చేసిచ్చింది కదా, అంగడి సైజుకు సరిపోతుందని నమ్మొద్దు. లోపలి కొలత టేపుతో తీసి రాసుకో. కొలతకు కోయించింది వెనక్కి తీసుకోరు, అందుకే రెండుసార్లు కొలువు. వచ్చే ఆదివారం నేను ఒంగోలు వస్తున్నాను, ఆ కాగితం చేతిలో ఉంటే ముగ్గురం కలిసి వెళ్దాం.

మీ పెద్దనాయన