పొడి నల్లగానే ఉంది, కరెంటే రావడం లేదు

ప్రశ్న: ఇ.కోలైతో పల్లాడియం నానో రేణువులు చేశాం. ద్రావణం నల్లబడింది, పొడి వచ్చింది. ఫార్మిక్ ఆసిడ్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ ఆనోడ్‌కి (ఇంధనం వైపు ఎలక్ట్రోడ్‌కి) పూస్తే కరెంటు దాదాపు సున్నా. పొరపాటు ఎక్కడ?

జవాబు: బ్యాక్టీరియా తన పని చేసింది. లోహం కూర్చున్నది కణం పొరల్లో. ఎండినా ఆ కణం కరెంటును పారనివ్వదు. రేణువుల మధ్య ప్రోటీన్లు, కొవ్వులు అడ్డం. హైడ్రోజనేషన్‌కైతే (ఇతర పదార్థాలకు హైడ్రోజన్ చేర్చే చర్యకైతే) ఆ పొడి అలాగే చాలు, అక్కడ ఎలక్ట్రాన్ తీగదాకా రానక్కర్లేదు.

పొడిని నైట్రోజన్ ప్రవాహంలో 700 డిగ్రీల దాకా వేడిచేసి బొగ్గు చేయండి. గాలి చొరబడితే బొగ్గు కాలిపోయి ఆక్సైడ్ మిగులుతుంది. వేడి మరీ ఎక్కువైతే రేణువులు కలిసి లావెక్కుతాయి. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటికాలను చూసే పరీక్షలో) శిఖరాలు సన్నబడటమే గుర్తు. తర్వాత కరెంటు పారే సన్నని బొగ్గుపొడి కార్బన్ బ్లాక్‌తో కలిపి నూరి, ప్రోటాన్లను పారనిచ్చే పాలిమర్ నాఫియాన్‌తో ఇంకు చేయండి. నాఫియాన్ ఎక్కువ పోస్తే అదే రేణువులను కప్పేస్తుంది. ఇంత చేసినా ప్రోటీన్లలోని గంధకం కొంత మిగిలి లోహాన్ని మందగింపజేయవచ్చు. ఈ పద్ధతికి అసలు తలనొప్పి అదే.

ప్రశ్న: ఎండు పొడి మొత్తం బరువులో 20 శాతం పల్లాడియం కావాలంటే కణాలు ఎన్ని తీసుకోవాలి?

జవాబు: లీటరు 2 మిల్లీమోలార్ ద్రావణంలో పల్లాడియం సుమారు 213 మిల్లీగ్రాములు. దానికి ఎండుబరువులో 850 మిల్లీగ్రాముల కణాలు సరిపోతాయి. 5 శాతమే చాలనుకుంటే 4 గ్రాములు కావాలి. తడి ముద్దను తూచి లెక్క వేయకండి. ఓడీ 600కీ (600 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచే ద్రావణం మసకకీ) ఎండుబరువుకూ సంబంధం ముందే కట్టుకోండి.

కణాలను గాలి లేకుండా, గ్లిసరాల్, ఫ్యూమరేట్ వేసి పెంచండి. కరిగున్న పల్లాడియాన్ని క్షయకరించి లోహంగా మార్చే హైడ్రోజనేజ్ ఎంజైములు అప్పుడే బాగా తయారవుతాయి. మీడియం అంతా పోయేలా కడిగి, పీహెచ్ 2.3 దగ్గరున్న పల్లాడియం ద్రావణంలో 30 డిగ్రీల వద్ద అరగంట నుంచి గంట వదిలి, ఆపైన హైడ్రోజన్ పంపండి. పీహెచ్ పెరిగితే గోధుమరంగు హైడ్రాక్సైడ్ దిగి, లోహమేనని మోసం చేస్తుంది. లోహమైతే ఎక్స్‌ఆర్‌డీలో, రాగి నుంచి వచ్చే ఎక్స్‌ కిరణాలతో, 40.1 డిగ్రీల కోణం దగ్గర శిఖరం కనిపించాలి.

కణాలు లేని సీసా ఒకటి పక్కన తప్పక నడపండి. హైడ్రోజన్ ఒక్కటే కూడా మెల్లగా పల్లాడియాన్ని నల్లబరుస్తుంది.

ఎసిటోన్‌తో కడిగేముందు నైట్రోజన్‌తో హైడ్రోజన్‌ను పూర్తిగా తరిమేయండి. హైడ్రోజన్ పీల్చిన ఎండు పొడికి గాలి తగిలితే మంట అంటుకోవచ్చు, పక్కన ఎసిటోన్ ఆవిరి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.